కొత్త రాజ్యం ఎందుకు అన్నందుకు

మొన్న మంగళవారం కోరుట్ల దీక్ష టెంటుల నేను చేసిన పనికి నన్ను తన్ని తరుముతరనే అనుకున్న. తరమలే. అంతకన్న పెద్ద ఆపదల పడ్డ. చాయ్ తాగుకుంట వినుండ్రి, మధ్యల నవ్వద్దు.

నేను జగిత్యాల నుంచి పోయి కోరుట్లల ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీల మ్యాథ్స్ చెప్త గద. అక్కడ ఇంగ్లిష్ చెప్పే ఇమ్రాన్ సార్, కంప్యూటర్స్ చెప్పే రవి, నేను ముగ్గురం కలిసి ఒక ఆట ఆడ్తం. రవిది సిరిసిల్ల, వాళ్లకు పవర్‌లూములున్నయి. నన్ను అక్కా అంటడు. ఆట అంటే క్యారమ్స్ అసొంటిది కాదు. టేబుల్ చుట్టు కూసుంటం. నేను కథ చెప్త, వాళ్లిద్దరు ఆ కథల వీరులు. రవి కత్తి పట్టిన యోధుడు, ఇమ్రాన్ సార్ మంత్రగాడు. రాక్షసుడు ఎదురొస్తే ఏం జేస్తరో వాళ్లు చెప్పాలె. పాచికలు వేస్తే గెలిచిన్రో సచ్చిన్రో తెలుస్తది. రూల్సన్ని ఒక లావు పుస్తకంల ఉంటయి. ఇమ్రాన్ సార్ వాళ్లన్న ఖలీల్ భాయ్ దుబాయిల ఉంటడు, ఆయననే తెచ్చిచ్చిండు. బందులు, సమ్మెలతోటి కాలేజీ నడిచేదే తక్కువాయె, మాకు పిచ్చి ముదిరింది.

ముదిరి ముదిరి ఇగ పుస్తకం అరిగిపోయింది. ఏ రాక్షసున్ని ఎక్కడ పొడిస్తే సస్తడో రవికి నోటికచ్చింది. నేను గొంతు తగ్గించి, చీకట్లకెళ్లి ఏదో బుస కొట్టింది అంటనో లేదో, వాడు తోక మీద కొడుతున్న అంటడు. ఇగ కథ ఏం చెప్తం?

గప్పుడే ఖలీల్ భాయ్ ఇంటికొస్తున్నడని తెలిసింది. గా ఆటకు సప్లిమెంట్ పుస్తకాలు ఉంటయట, తెమ్మంటే తెస్తనన్నడు. కని ఒక్కటే. ఆయన బ్యాగుల దుప్పట్లు, అత్తర్లు, చుట్టాల పిల్లలకు చాక్లెట్లు అన్ని నిండినంక మిగిలే జాగ గంతే. ఇగ మాకు లొల్లి షురువైంది. ఒక పుస్తకంల అన్ని కొత్త రాక్షసులే, గది నాకు కావాలె. ఇంకోదాంట్ల మంత్రాలు, ఇమ్రాన్ సార్‌కు గది తప్ప వేరేది కనవడదు. మూడోది కొత్త రాజ్యం పుస్తకం. కోటలు, నదులు, నగరాలు, మ్యాపులు. రవి దాని మీద పడ్డడు. ఒకే అడివిల ఎన్నిరోజులు తిరగాలె అక్కా, కొత్త రాజ్యం ఉంటే కథే మారిపోతది అని నా పానం తిన్నడు. ఎవ్వరం తగ్గలే.

మంగళవారం తెలంగాణ రాష్ట్రం కోసం రిలే నిరాహారదీక్షల కూసునే వంతు మా లెక్చరర్లది. బస్సులు బందున్నయి, ఆటోల ఇరుక్కుంట పోయిన. మెడల బంతిపూల దండలేసి ముగ్గురిని ముంగటి వరుసల కూసోబెట్టిన్రు. ఎనుకకు బీడీలు చేసే ఆడోళ్లు, పక్కకు ఆటో డ్రైవర్లు, టెంటు నిండ మందే. టెంటుకు పెద్దదిక్కు లింగారెడ్డి సార్, రిటైర్డ్ హెడ్మాస్టరు. ఆయన మస్తుగ మాట్లాడి, మైకు నా పక్కన జంపఖానా మీద పెట్టి చాయ్‌కి పోయిండు. దీక్షల కూసున్నోళ్లకు చాయ్ లేదు గని, మాట్లాడెటోళ్లకు ఉంటది.

సరిగ్గ గప్పుడే ఇమ్రాన్ సార్ ఫోన్ మోగింది. ఖలీల్ భాయ్. పుస్తకాల దుకాణంల నిలవడ్డడట, ఏది కొనాల్నో ఇప్పుడే చెప్పుమన్నడు. ఇమ్రాన్ సార్ మంత్రాలది అనంగనే రవి ఫోన్ గుంజుకున్నడు. వాని చేతులకెళ్లి నేను గుంజుకున్న. సిగ్నల్ సరిగ లేదు, అందుకే గట్టిగ ఒర్రిన.

"ఖలీల్ భాయ్, రవి మాట వినకు. కొత్త రాజ్యం మనకెందుకు? ఉన్న రాజ్యంల మంచిగనే ఉన్నం గద. మనకు కావాల్సింది రాక్షసులు."

నా గొంతు నాకే రోడ్డు అవతల కరెంటు స్తంభం మీదికెళ్లి ఇనవడ్డది. రాక్షసులు, రాక్షసులు అనుకుంట బస్టాండు దాక పోయింది. లింగారెడ్డి సార్ మైకు బందు చెయ్యకనే పోయిండు.

లింగారెడ్డి సార్ చాయ్ గిలాస పట్టుకొని ఆడనే ఆగిపోయిండు. రవి మెల్లగ జరుక్కుంట పోయి ఎనుక వరుసల కూసున్నడు, నేనెవరో తెల్వనట్టు. ఎనుకకెళ్లి లచ్చవ్వ అని బీడీలు చేసే ముసలామె లేచి నా ముంగటికొచ్చింది.

"దండేసుకొని కూసున్నవు. రాజ్యం ఎందుకంటున్నవు. ఏంది బిడ్డా నీ కథ?"

నిజం చెప్తున్న, నాకు ఏడుపొచ్చింది. ఒక్కదినం బీడీలు చెయ్యకుంటే పొయ్యి ఎలగనోళ్లు పని ఇడిసిపెట్టి వచ్చి కూసున్నరు. గసొంటోళ్ల ముంగట నేను అన్న మాటేంది? ఫోన్ ఒక చేతుల, మైకు ఇంకో చేతుల పట్టుకొని లేచిన. మా ఆట గురించి, పాచికల గురించి, మూడు పుస్తకాల లొల్లి గురించి అంత చెప్పిన. క్లాసుల లెక్క చెప్పేటప్పుడు సుత గంత చెమట పట్టలే ఎప్పుడు. ఇమ్రాన్ సార్ పక్కకు నిలవడి, నిజమే, ఫోన్ల మా అన్ననే ఉన్నడు అని సాక్ష్యం చెప్పిండు.

లచ్చవ్వ అంత విన్నది.

"రాక్షసులు మనకు కొత్తనా బిడ్డా? మంత్రాలు ఎన్ని ఇన్లేదు? లేనిది రాజ్యమే. గదే తెప్పియ్యి."

టెంటంత నవ్వు. లింగారెడ్డి సార్ సుత నవ్విండు, చాయ్ అంగి మీద ఒలికింది. ఇగ నాకు వేరే తొవ్వ ఉందా? ఫోన్ల అందరికి ఇనవడేటట్టు, కొత్త రాజ్యమే కావాలె అన్న. టెంటంత ఒక్కపారి జై తెలంగాణ అన్నది. అటు దిక్కు ఖలీల్ భాయ్ సుత దుబాయి దుకాణంల నిలవడి జై తెలంగాణ అన్నడట. కౌంటరు కాడున్నాయన బెదిరి బిల్లు చెయ్యనీకె ఆలస్యం చేసిండట గని, పుస్తకం మాత్రం కొన్నడు. ఎనుక వరుసలకెళ్లి రవి పరుగెత్తుకొచ్చి నా పక్కకు కూసున్నడు, నేను వాని సొంత అక్కనైనట్టు.

కథ గీడికి అయిపోతే మంచిగుండు. తెల్లారి పేపర్ల జిల్లా పేజీల నా ఫోటో అచ్చింది. మెడల దండ, చేతుల మైకు, నోరు ఇంత పెద్దగ తెరిచి. కొత్త రాజ్యం కావాలంటూ లెక్చరరమ్మ గర్జన అని కింద రాసిన్రు. మా నాయిన గా పేపరు పట్టుకొని జగిత్యాల గల్లీ గల్లీ తిరిగిండు. నేను అసలు సంగతి చెప్పబోతే, ఊకో బిడ్డా, గట్ల తగ్గించి చెప్పుకోవద్దు అన్నడు.

నిన్న ధర్మపురికెళ్లి ఫోనొచ్చింది. అక్కడి టెంటోళ్లు ఐతారం సభ పెట్టిన్రట, ముఖ్య వక్త నేనేనట, ఆటోల ఊరంత చెప్పుకుంట తిరుగుతున్నరట. కాదనెటందుకు నోరు రాలే. ఇమ్రాన్ సార్‌కు ఫోన్ చేసి ఏం మాట్లాడాల్నో జర చెప్పుండ్రి అని అడిగిన.

ఆయన నిమ్మలంగ అన్నడు. "ఏదన్న మాట్లాడుండ్రి మేడం. మైకు బందుంటే సాలు."