పక్కనే ఉన్న జన్యువు

మోంటెవిడియోలోని ఆ ల్యాబులో ఎల్బియా తెచేరా ఇరవై తొమ్మిదేళ్లుగా పనిచేస్తోంది. ఇంకొకరు అంటించిన చీటీని ఆమె ఏనాడూ నమ్మలేదు. ట్యూబు చేతికొస్తే వెలుతురుకెత్తి చూసి, పుస్తకంలో సరిపోల్చుకున్నాకే ముందుకు కదిలేది.

ఆ ఏడాది ఉత్తరాది గొర్రెల కాపరుల కుటుంబాల నుంచి పద్దెనిమిది వందల మంది రక్తం వచ్చింది. కొవ్వును మోసే ఒక ప్రొటీను వాళ్లలో కొందరికి సగమే ఉంది. అలా తగ్గినవాళ్లలో చాలామందికి డీఎన్‌ఏలో ఒకేచోట ఒక అక్షరం మారి ఉంది. ఆ అక్షరాన్ని ఆనుకునే ఒక జన్యువుంది. ల్యాబు పెద్ద, డాక్టర్ ఇరిగోయెన్, ఇక వెతకనక్కర్లేదన్నాడు. ప్రొటీను తగ్గడానికి ఆ జన్యువే కారణమని శాస్త్రవేత్తల సభలో చెప్పడానికి బొమ్మలు కూడా గీయించి గోడకు తగిలించేశాడు.

ఎల్బియాకది మింగుడుపడలేదు. ఆమె తండ్రి తకువారెంబోలో ఉన్ని గోదాము పక్కింట్లో ఉండేవాడు. ఉన్ని పోయిన ప్రతిసారీ పోలీసులు ముందు ఆయన తలుపే తట్టేవారు. ఊరి అవతలి కొసన దొంగ దొరికాక కూడా ఎవరూ వచ్చి ఆయనకో మాట చెప్పలేదు.

ఆ ప్రొటీను తయారయ్యేది కాలేయంలోనే. ఆపరేషన్లప్పుడు రోగులను అడిగి దాచిన కాలేయపు ముక్కలు ఫ్రీజరులో ఉంటే, ఆమె వాటిని తీసి పరీక్షించింది. పక్కనున్న జన్యువు ఎవరి కాలేయంలోనూ పనిచేయడమే లేదు. చాలా దూరంలో ఉన్న మరో జన్యువు మాత్రం, అక్షరం మారినవాళ్లలో సగమే పనిచేస్తోంది.

ఆ ఫలితాలు చూపిస్తే, డాక్టరు కాగితం వంక కాక ఆమె వంక చూశాడు.

"ఎల్బియాగారూ, ట్యూబులు తారుమారయ్యాయేమో."

"నా ట్యూబులా?"

"ఎవరి చేతనైనా పొరపాటు జరుగుతుంది కదా."

మూడో రోజు ఫ్రీజరులో తన పెట్టె కాస్త జరిగి ఉండటం, అందులో కొన్ని కొత్త చీటీలు ఉండటం ఆమె కనిపెట్టింది. రాత ఎదురు బల్ల దగ్గర పనిచేసే నిదియాది. అన్నేళ్లుగా ఒకే గొట్టంతో మాతే కషాయం తాగిన ఆ ఇద్దరూ మర్నాటి నుంచి ఎవరి గిన్నె వాళ్లు తెచ్చుకున్నారు.

చివరికి ఎల్బియానే డాక్టరు గదికి వెళ్లింది. కాలేయ కణాల్లో ఒక్కో జన్యువునూ విడివిడిగా ఆపి, దేన్ని ఆపితే ప్రొటీను తగ్గుతుందో చూద్దామంది. ఏ ట్యూబులో ఏది ఆపారో తనకు చెప్పొద్దని, అంకెలు మాత్రం వేసిస్తే చాలని అంది. ఏ అంకెకు ఏ జన్యువో రాసిన జాబితా పెట్టిన కవరు డాక్టరు సొరుగులోకి వెళ్లేముందు, దాన్ని అంటించిన చోట అడ్డంగా సంతకం చేసింది. సొరుగు మీద కూడా ఆమెకు నమ్మకం లేదు మరి.

ఆరు వారాలు పట్టింది. కవరు తెరిచే ముందు ఆమె తన సంతకాన్ని వేలితో తడిమి చూసుకుంది. పక్క జన్యువును ఆపిన కణాల్లో ప్రొటీను చెక్కుచెదరలేదు. దూరపుదాన్ని ఆపినవాటిలో సగానికి పడిపోయింది.

డాక్టరు క్షమాపణ చెప్పలేదు. గోడ మీది బొమ్మలు తనే పీకేశాడు.

ఆ సాయంత్రం వాన పడుతుంటే నిదియా నూనెలో వేయించిన వేడివేడి తోర్తా ఫ్రీతా రొట్టెలు తెచ్చి బల్లమీద పెట్టింది.

"నీ పరీక్షలు మళ్లీ చేసి చూడమన్నాడే డాక్టరు. నీకు చెప్పొద్దన్నాడు."

"తెలుసు. నీ ఏడంకె ఒకటిలా ఉంటుంది."

ఈ ఫలితాల మీద వ్యాసం అచ్చయినప్పుడు ఎల్బియా తన పేరును మూడుసార్లు చదువుకుంది. తర్వాత డాక్టరు దగ్గరికెళ్లి, ఒక్క అక్షరం అంత దూరాన ఉన్న జన్యువును ఎలా అందుకుందని అడిగింది. డీఎన్‌ఏ మడతపడి రెండూ దగ్గరికొస్తాయని అతను చెప్పాడు.

"ఆ మడతను చూశారా?"

"ఇంకా లేదు."

"అయితే ఆ మాట అప్పుడే రాయకండి," అని ఆమె చేతి తొడుగులు వేసుకుంది.