గొడవ లేకుండా పడిన తాళం

మా ఊరి పిల్లలం చాలా శాంతంగా ఒక తప్పు చేశాం. ఒక తిట్టు లేదు, ఒక రాయి లేదు. ఎవరినైనా కొట్టి ఉంటే ఇంత సిగ్గు పడేవాణ్ని కాదేమో.

నల్లగొండ వైపు మా పల్లెలో పీర్ల పండుగ హిందువులు, ముస్లింలు అందరిదీ. మాది గొర్లు కాసే ఇల్లు. పసితనంలో నాకు ఊపిరాడకపోతే అవ్వ పీర్ల సావిడి ముందు సాగిలపడి, పిల్లగాడు బతికితే తన ప్రాణం ఉన్నన్నాళ్లూ ఏటా మలీద తెస్తానని మొక్కుకుందట. రొట్టెలు నలిపి, బెల్లం కలిపి, ఒక్క ఏడు తప్పకుండా తీసుకెళ్లింది.

రాష్ట్రం వచ్చిన కొన్నేళ్లకు ఊరి పిల్లలందరికీ ఫోన్లో ఒక గ్రూపు ఏర్పడింది. దుబాయిలో ఉన్నవాళ్లూ అందులోనే. ఎక్కడో పండుగ ఊరేగింపులో కొట్టుకున్న వీడియో ఒకటి దాంట్లో పడింది. సావిడి చూసుకునే ముజావరు తాత కొడుకు దుబాయి నుంచి రాశాడు: "పీర్లు లేపుడు మా దీన్‌ల, మా మతంల లేదు. బంజేద్దాం." మావాడొకడు పుణె నుంచి అందుకున్నాడు: "గది మన పండుగనే కాదు. మనోళ్లు పోవుడెందుకు?"

చదువుకున్నవాణ్ని కదా, తీర్పు నేను చెప్పాను. "ఎవరిది వాళ్లు చేసుకుంటే లొల్లే ఉండదు. శాంతంటే గదే."

అందరూ సరేనని బొటనవేలి బొమ్మలు పెట్టారు. "నువ్వు జర సమజున్నోనివి భాయ్" అన్నాడు దుబాయి వాడు. నేను ఉబ్బిపోయాను. పెద్దవాళ్లను అడగాలని మాలో ఒక్కరికీ తట్టలేదు. అవ్వకు చెప్పాల్సింది నేనే. గ్రూపులో అంత లేచిన నోరు ఇంట్లో పెగలలేదు.

పండుగనాడు అవ్వ పళ్లెం మీద కొంగు కప్పుకుని బయల్దేరింది. దొంగలా వెనకే నడిచాను. సావిడికి తాళం వేసి ఉంది. ఎదురింటి అరుగు మీద కూర్చున్న ముజావరు తాత మమ్మల్ని చూసి లేచాడు గానీ దగ్గరికి రాలేదు.

"పిల్లలు వద్దన్నరక్కా. నీ మనుమడు గూడ గదే అన్నడంట."

అవ్వ నా వైపు తిరిగింది. "ఏం గొడవైందిరా?"

"ఏం కాలేదవ్వా. కావొద్దనే."

"గొడవే కాకపాయె. మరి నన్నెందుకు వాపస్ పంపుతున్నరు?"

భూమి చీలితే అందులో దూకేవాణ్ని. అవ్వ తాళం వేసిన తలుపు ముందు మెట్టు మీద కూర్చుని కొంగు తీసింది.

"రా తమ్మీ, జర నోట్లేసుకో. మొక్కు తప్పొద్దు."

తాత వచ్చాడు. పళ్లెం వైపు చాపిన చెయ్యి మధ్యలో ఆగింది. తాత నా మొహంలోకి చూశాడు.

"తినొచ్చునా బిడ్డా?" అని నన్నడిగాడు.