ఎండిన చెరువు గట్టు మీద సింగడి నడక

మా గవ్వకి నడుము పడిపోయి నాలుగు నెలలైంది. గుడివాడలో మా వీధి మలుపులో మోటారుసైకిలు తగిలి వెన్ను దెబ్బతిన్న కుక్క అది. ముందుకాళ్ళతో ఇల్లంతా దేకుతుంది, వెనకకాళ్ళు దాని వెంట ఈడ్చుకుంటూ వస్తాయి. నేను ఇంటర్ పిల్లలకి జంతుశాస్త్రం చెబుతాను. వెన్నుపాము తెగితే మళ్ళీ అతుక్కోదని ఏటా చెప్పే మాటే ఇంట్లో కళ్ళెదుట దేకుతూ తిరుగుతుంటే ఎలా ఉంటుందో చెప్పలేను. అలాంటిది, బందరులో మాకు తెలిసిన పశువుల డాక్టరుగారు ఫోన్ చేసి, కుక్కలకి కణాలు నాటి నడిపించే పరిశోధన ఒకటి జరుగుతోంది, గవ్వ పేరు ఇమ్మంటారా అని అడిగేసరికి ఎగిరి గంతేశాను. సాయంత్రంలోగా చెప్పాలన్నారు. ఆ చికిత్స అయిన కుక్క నాగాయలంకలో ఒకటుందని ఆయనే చెప్పారు. కళ్ళారా చూశాకే మాటిస్తానని బయల్దేరాను.

గుడివాడ నుంచి పామర్రు, చల్లపల్లి మీదుగా నాగాయలంకకి దగ్గర దారి ఉంది. నాకు ముందు డాక్టరుగారిని కలవాలనుంది కనుక ఉదయం బందరు ప్యాసింజరు ఎక్కాను. టీ ఖర్చుకి కాస్త ఎక్కువ, అంతే టిక్కెట్టు. పెడన దగ్గర కలంకారీ బట్టలు ఆరేసి ఉంటే ఎప్పుడూ ఫోటోలు తీసేదాన్ని, ఆవేళ ఫోన్ బయటికే తీయలేదు. బందరులో దిగి, బస్టాండు ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో పెసరట్టు తిన్నాను. అట్టు పోస్తున్నావిడ నా తొందర చూసి ఎక్కడికని అడిగింది. చెప్పాను. కుక్క కోసం దివిసీమ దాకానా అని నవ్వి, అడక్కుండానే ఇంకాస్త అల్లం పచ్చడి వేసింది.

డాక్టరుగారు విషయం విడమరిచి చెప్పారు. వాసన పట్టే నరాలు జీవితాంతం కొత్తగా పుడుతూనే ఉంటాయి. వాటికి దారి చూపే కణాలు ముక్కు లోపలి పొరలో ఉంటాయి. ఆ పొరలోంచి చిన్న ముక్క తీసి, ప్రయోగశాలలో కణాలని పెంచి, దెబ్బతిన్న వెన్నుపాములోకి సూదితో ఎక్కిస్తారు. నాకు కుర్చీలో కాలు నిలవలేదు. ఇన్నేళ్ళ నా పాఠానికి ముక్కులోంచి సవాలు! కానీ రోగి కోరిన పాలు ఈ వైద్యుడు ఇవ్వలేదు. కొన్ని కుక్కలకే అడుగులు కుదురుతాయట, కొన్నిటికి ఏమీ కాదట. ఒంటేలు మీద అదుపు మాత్రం చాలావాటికి తిరిగి రాదట. మత్తు రెండుసార్లు ఇవ్వాలి, అందులోనే ప్రాణం పోయే ప్రమాదమూ లేకపోలేదు. వ్యాయామం ఒక్కటే చేయించినా కొంత మెరుగుపడే కుక్కలుంటాయి కనుక, ఎంత కణాల వల్ల, ఎంత కసరత్తు వల్ల అన్నది ఇంకా తేలలేదన్నారు. నాగాయలంకలో ఉన్న ఆ కుక్క, సింగడి యజమాని సాంబయ్య గారికి నేను వస్తున్నట్టు ఫోన్ చేసి, నన్ను అవనిగడ్డ బస్సెక్కించారు.

పులిగడ్డ దగ్గర కృష్ణ పాయ దాటుతుంటే నా గుండె బస్సు కంటే ముందు పరిగెత్తింది. అవనిగడ్డలో బస్సు మారితే నాగాయలంక అరగంట. అక్కడి నుంచి రొయ్యల చెరువుల దాకా ఆటో మాట్లాడుకోవాలి, వందకి అటూ ఇటూ అడుగుతారు. ఎక్కడికో చెప్పగానే ఆటో అతను వెనక్కి తిరిగి చూశాడు.

“ఎండిపోయిన చెరువుకి మేతేసే సాంబయ్య గారి దగ్గరికాండీ?”

అర్థం కాలేదు. అక్కడికి వెళ్ళాక గానీ తెలియలేదు.

రొయ్యలకి రోజుకి నాలుగు పూటలు మేత పడాలి. మేత వేసే మనిషి చెరువు గట్టంతా చుట్టి రావాలి. చికిత్స అయ్యాక సింగడి పొట్ట కింద తుండు వేసి ఎత్తిపట్టి, సాంబయ్య గారు ఆ నాలుగు పూటలా దాన్ని తన వెంట నడిపించారట. బక్కెట్ చప్పుడైతే చాలు, సింగడు లేవడానికి గింజుకునేవాడట. కొన్నాళ్ళకి తుండు వదిలేసినా అడుగులు పడ్డాయి. ఈలోగా రొయ్యల పట్టుబడి అయింది. రొయ్యలు అమ్మేసి, నీళ్ళు తీసేసి, చెరువు ఎండబెట్టారు. మేత లేదు కనుక ఈయనా గట్టెక్కలేదు. కుక్కకి కూడా విశ్రాంతి దొరికిందిలే అనుకున్నారు. నెల తిరిగేసరికి సింగడి వెనకకాళ్ళు మళ్ళీ వాలిపోయాయి. అప్పటినుంచి ఈ పెద్దమనిషి ఎండిన చెరువు చుట్టూ ఖాళీ బక్కెట్ వాయిస్తూ నాలుగు పూటలా తిరుగుతున్నారు. ఊరు నవ్వదూ మరి!

“నవ్వనీండి మేడం గారూ,” అన్నారు. “మేతేళకి ఆడు లేచి నన్ను చూత్తాడండీ. ఖాళీ బక్కెట్టని ఆడికి తెలుసో లేదో నాకు తెలీదు.”

మధ్యాహ్నం మేత వేళైంది. బక్కెట్ మోగింది. పాక నీడలోంచి గోధుమరంగు కుక్క ముందుకాళ్ళు ఊని, వెనక భాగం కాస్త ఊగిసలాడించి, లేచి నిలబడింది. ముందుకాలు, వెనకకాలు, ముందుకాలు, వెనకకాలు. వరసలో పడుతున్నాయి! నడుము తాగినవాడిలా తూలుతోంది, అయినా నడుస్తోంది. కేక పెట్టాననుకుంటాను, గట్టు మీది కొంగలు లేచిపోయాయి. సంతోషంతో ఏడ్చేశాను, సిగ్గు కూడా పడలేదు.

మలుపు దగ్గర సింగడు కూలబడ్డాడు. కాళ్ళు రెండూ ఒక పక్కకి మెలిపడిపోయాయి, కింద తడైంది. ఎత్తుదామని పరిగెత్తబోయాను. సాంబయ్య గారు చెయ్యి అడ్డం పెట్టారు.

“ఉండండమ్మా. అలవాటే.”

అంత సేపు ఎప్పుడూ దేనికోసమూ ఎదురుచూడలేదు నేను. సింగడు రొప్పాడు, మా వంక చూశాడు, లేవబోయి మళ్ళీ పడ్డాడు. గవ్వని అలా చూస్తూ నిలబడగలనా అని నన్ను నేను అడుగుతూనే ఉన్నాను. మూడో ప్రయత్నానికి లేచాడు. నేను అక్కడినుంచే డాక్టరుగారికి ఫోన్ చేసి గవ్వ పేరు రాసుకోమన్నాను.

తిరుగు బస్సులో గుండె కుదుటపడ్డాక ఆలోచించాను. వెన్నుపాము గురించి క్లాసులో ఇకమీదట ఏం చెప్పాలో నాకింకా తెలియదు. గవ్వ నడుస్తుందో లేదో అంతకంటే తెలియదు. మత్తులోంచి కళ్ళు తెరవకపోతే ఏం చెయ్యాలన్న భయం కూడా ఉంది. అయినా ఇన్ని నెలల్లో ఇంత సంతోషంగా ఇంటికి వెళ్ళిన రోజు లేదు. మేడ మీద మా అద్దె ఇంట్లో రోజుకి నాలుగు పూటలు దాన్ని ఎక్కడ నడిపించాలా అని వరండా కొలతలు వేసుకుంటూ వెళ్ళాను.

మీ ఇంట్లోనూ ఇలాంటి జీవి ఉండి, చికిత్స అయిన కుక్కని చూడ్డానికి వెళ్తే ఒకటే సలహా. తిరుగు బస్సు వేళ చూసుకుని తొందరపడకండి, నాగాయలంక నుంచి అవనిగడ్డకి సాయంత్రం కూడా బస్సులుంటాయి. అది నడవడం చూసి వెంటనే వచ్చేయకండి. పడేదాకా ఉండండి. పడ్డాక, దాన్ని ముట్టుకోకుండా, లేచేదాకా ఉండండి.