ఎక్కడిదో తెలియని ఇనుము

మొన్న పొద్దున టీవీలో ఒకటే సంబరం. యూరప్ దేశాలతో మన దేశానికి వాణిజ్య ఒప్పందం కుదిరిందని, ఇక మన బండ్ల విడిభాగాల మీద అక్కడ సుంకం పెద్దగా ఉండదని, చిన్న కార్ఖానాల వాళ్ల పంట పండినట్టేనని కోటు తొడుక్కున్న ఒకాయన చెబుతుంటే పక్కనున్నాయన తల ఊపుతున్నాడు. చాయ్ గ్లాసు చేతిలో పట్టుకుని కాసేపు విన్నాను. విన్నకొద్దీ ఒళ్లు మండింది. చిన్న కార్ఖానా అంటే ఏమిటో, అది ఎట్లా మూతపడుతుందో ఆ ఇద్దరిలో ఒక్కరికైనా తెలుసా అని గట్టిగానే అనేసి టీవీ కట్టేశాను. కొలిమి సెగ ముఖానికి తగిలిన నా ఈడు వాళ్లు ఎక్కడైనా ఉంటే వాళ్లకు నా కోపం అర్థమవుతుందని ఈ నాలుగు ముక్కలు రాస్తున్నాను.

మా మరిది, అంటే మా ఆయన తమ్ముడు, పాలమూరు దాటాక జడ్చర్ల దారిలో ఒక పోతపని కార్ఖానా నడిపేవాడు. ఇనుము కరిగించి, ఇసుక అచ్చుల్లో పోసి, లారీల బ్రేకుల దగ్గర బిగించే బ్రాకెట్లు తయారు చేసే పని. నేను మోత్కూరు దిక్కు నుంచి ఆ ఇంటికి కోడలుగా వచ్చేనాటికి అదొక రేకుల షెడ్డు, ఒక బొగ్గు కొలిమి. కరెంటు ఎప్పుడు పోతుందో, ఎప్పుడు వస్తుందో తెలియని రోజులవి. తెలంగాణ వచ్చి కరెంటు కోతలు తగ్గాక మరిది ధైర్యం చేసి బొగ్గు కొలిమి తీయించి కరెంటు కొలిమి పెట్టించాడు. దానితో షెడ్డులో పొగ పోయింది, పైకప్పు రేకులు మళ్లీ రేకుల రంగులో కనబడ్డాయి. మా ఆయన అచ్చులు కట్టేవాడు. పోత చల్లారాక అంచులకు మిగిలే గరుకును ఆకురాయితో రాకే ఆడవాళ్లకు నేను పెద్దను. వాళ్లలో ఎక్కువమంది గొర్లు కాసే ఇళ్ల వాళ్లు; పొద్దున్నే మందను మగవాళ్లకు అప్పజెప్పి, సద్ది మూట పట్టుకుని, పొలాలకు అడ్డంపడి నడిచి వచ్చేవాళ్లు. ఎండాకాలంలో ఆ రేకుల కింద పని ఎట్లా ఉండేదో చెప్పనక్కర లేదు కానీ, ఆ నవ్వులు, ఆ ఎగతాళి మాటలు తలచుకుంటే ఇప్పటికీ మనసు అక్కడికే పోతుంది.

ఒక ఏజెంటు ద్వారా యూరప్‌లోని లారీల కంపెనీ నుంచి మొదటి ఆర్డరు వచ్చిన రోజు మరిది మిఠాయి పంచాడు. చెక్కపెట్టెలు మేకులు కొట్టి లారీకి ఎక్కిస్తుంటే, మాతో పనిచేసే, నేను అక్కా అని పిలుచుకునే ఒకామె పెట్టెకు కుంకుమ బొట్టు పెట్టింది. “పాలమూరోళ్లం బతుకుదెరువుకు బొంబాయి వోతిమి. ఇగ మన ఇనుము యూరప్ వోతాంది సూడు,” అని ఆమె అంటే అందరం విరగబడి నవ్వాం. అందులో ఎంత బాధ ఉందో బొంబాయిలో మట్టి మోసి వచ్చిన ఆమెకే తెలుసు.

మా కార్ఖానాకు ఒక ఆచారం ఉండేది. మా అత్తమ్మ మొదలుపెట్టినది. దసరా నాడు, ఆయుధపూజ అయ్యాక కొలిమిలో వేసే మొదటి ఇనుము పనివాళ్ల ఇళ్ల నుంచి రావాలి. అరిగిపోయిన కొడవలి, విరిగిన నాగలి కర్రు, గొర్రె బొచ్చు కత్తిరించే పాత కత్తెర, ఏది ఉంటే అది కడిగి పసుపు రాసి తెచ్చేవాళ్లు. తడి ఇనుము కరిగిన ఇనుములో పడితే ఎగజిమ్ముతుంది కనుక వాటిని కొలిమి అంచున పెట్టి బాగా ఆరనిచ్చేవాళ్లు. ఆ తర్వాత మరిది ఒక్కొక్కటి పట్టుకారుతో ఎత్తి, అది ఎవరి ఇంటిదో పేరు గట్టిగా పిలిచి లోపల వదిలేవాడు. పేరు వినబడగానే ఆ ఇంటి వాళ్ల ముఖంలో వచ్చే వెలుగు చూడాలి. పనికి రాదని మూలన పడేసిన కొడవలి లారీలో భాగమై సముద్రాలు దాటి పోతుందంటే ఎవరికి మాత్రం సంతోషంగా ఉండదు?

కొన్నేళ్లు ఆర్డర్లు బాగానే నడిచాయి. ఆ తర్వాత ఆ కంపెనీ వాళ్లు కొత్త మాట మొదలుపెట్టారు. ఇనుప వస్తువు తయారయ్యేటప్పుడు ఎంత పొగ గాలిలో కలిసిందో అక్కడి ప్రభుత్వాలు లెక్క అడుగుతున్నాయని, దాని మీద పన్ను పడుతుందని, లెక్క చూపించలేని వాళ్లకు పొగ ఎక్కువే అయిందని అనుకుని పన్ను వేస్తారని, ఈరోజు కాకపోతే రేపు బ్రాకెట్లకూ అది తప్పదని చెప్పారు. మా కార్ఖానా చూసి పోవడానికి ఒక తెల్లాయనను పంపుతామన్నారు. ఏ రోజు రమ్మంటారని అడిగితే మా మరిది ఏరికోరి దసరా రోజు చెప్పాడు. పండుగ పూట వచ్చిన చుట్టం మన మంచి చూసి పోతాడని ఆయన నమ్మకం. అట్లా నమ్మడం మా వాళ్లకే చెల్లింది.

ఆ తెల్లాయన వచ్చాడు. వెంట ఆయన మాటలు తెలుగులో చెప్పడానికి హైదరాబాద్ నుంచి ఒక అమ్మాయి. కరెంటు కొలిమి చూశాడు, మీటరు చూశాడు, తృప్తిగానే తల ఊపాడు. మెడలో బంతిపూల దండ వేశాం, జమ్మి ఆకు చేతిలో పెట్టి, ఎదకు హత్తుకుని అలాయిబలాయి తీసుకున్నాం. పూజ అయ్యాక మరిది ఆయన చేతికి గ్లౌజులు తొడిగి, పట్టుకారు ఇచ్చి, మా అత్తవారింటి నాగలి కర్రు ఆయనతోనే కొలిమిలో వేయించాడు. మా అమ్మ వాడిన కొడవలి కూడా ఆ రోజే వేశాం. ఆయన చిన్నపిల్లవాడిలా మురిసిపోయి ఫోటోలు దిగాడు. భక్ష్యాలు రెండోసారి అడిగి తిన్నాడు.

కొన్ని వారాలకు జవాబు వచ్చింది. మూలం తెలియని పాత ఇనుమును కొలిమిలో కలుపుతున్నారని, కనుక ఇక్కడి పోత దేనికీ లెక్క నమ్మలేమని, ఆర్డరు ఆపేస్తున్నామని. దానికి సాక్ష్యం ఆ పండుగ ఫోటోలే. మరిది ఆ అమ్మాయికి ఫోన్ చేశాడు. అంత కోపంగా ఆయన మాట్లాడడం నేను వినడం అదే మొదటిసారి.

“మూలం తెల్వదా? గా కర్రు మా నాయినది. గా కొడవలి మా వదిన తల్లిది. పేరు వెట్టి పిలిచి ఏసినం గదమ్మా! ఇంకేం మూలం గావాలె?”

ఆ అమ్మాయి పాపం తనకు తెలుసని, వాళ్లకు మాత్రం కాగితం కావాలని చెప్పింది. ఏడాదికొకసారి వేసే ఆ గంపెడు ఇనుము మానేస్తామని మరిది బతిమాలాడు. అప్పటికే ఆర్డరు హైదరాబాద్ పక్కనున్న ఒక పెద్ద ఫ్యాక్టరీకి పోయింది. దాని కప్పు మీద సౌర పలకలు, గేటు దగ్గర అద్దాల్లో సర్టిఫికెట్లు ఉన్నాయట.

నా కోపం ఇక్కడే. తరతరాలుగా ఆకాశం నల్లబడేదాకా బొగ్గు కాల్చి బాగుపడిన దేశాలు, నడిచి పనికొచ్చి ఫ్యాను లేని షెడ్డులో ఆకురాయి పట్టిన ఆడవాళ్లను పొగ లెక్క అడుగుతాయా? వాళ్లు అడిగారే అనుకుందాం, ఆ లెక్క ఎట్లా రాయాలో చెప్పడానికి మన ప్రభుత్వం తరఫున ఒక్క మనిషైనా మా గేటు దాకా వచ్చాడా? ఒప్పందాల మీద సంతకాలు పెట్టేటప్పుడు చప్పట్లు కొట్టడానికి మాత్రం అందరూ ఉంటారు. ఆ ఒక్క ఆర్డరు మీదే నడిచిన మా కొలిమి చల్లారింది. పెట్టెకు బొట్టు పెట్టిన ఆ అక్క మళ్లీ గొర్ల వెంట పోతోంది. చేతితో తడిమి అచ్చులోని ఇసుక తడి చెప్పే మా ఆయన ఇప్పుడు ఒక గోదాము గేటు దగ్గర కాపలా కూర్చుంటున్నాడు. మరిది షాద్‌నగర్ దిక్కు ఎవరి దగ్గరో జీతానికి కుదిరాడు. పండుగలకు వచ్చినా కార్ఖానా ఊసు ఎత్తడు.

టీవీ కట్టేసిన ఆ పొద్దునే మా గల్లీలోకి పాత ఇనుప సామాను కొనే ట్రాలీ ఆటో వచ్చింది. మరుసటి దసరాకని పసుపు రాసి పెట్టిన మా అత్తమ్మ కొడవలి గుమ్మం పక్కన మేకుకు అట్లాగే వేలాడుతోంది. ట్రాలీ అతను దాన్ని చూసి ఆగాడు.

“గా కొడవలి ఇయ్యరాదమ్మా, అరిగిపోయింది గద.”

ఇస్తే ఎక్కడికి పోతుందని అడిగాను. అతను ఆ పెద్ద ఫ్యాక్టరీ పేరే చెప్పాడు. “మేం దెచ్చిందంతా గాడికే వోతది. అండ్ల వడ్డంక అంత ఒక్కటే,” అన్నాడు.

ఆ కొడవలి ఎవరిదని అతను అడగలేదు, అక్కడ కూడా ఎవరూ అడగరు. ఆ గేటు దాటితే అది మంచి కాగితంతో యూరప్ పోతుంది. ఒకప్పుడు పేరు పిలిచి మరీ ఇనుమును సాగనంపిన మనుషులం మేం; ఇప్పుడేమో పేరు అడగని చోటే దానికి విలువ కడుతున్నారు. నేను ఇవ్వలేదు. వచ్చే దసరాకు దాన్ని కడిగి, కొలిమి లేకపోయినా, అది మా అత్తమ్మదని పేరు పెట్టి ఒకసారి గట్టిగా పిలుస్తాను.