మూడు గంటల ముక్తాయింపు

లండన్ శివారు హారోలో రామాంజనేయులు గారిని ఎరిగినవాళ్లకు ఆయన వేళ్లు కూడా తెలుసు. టీ కప్పు దొరికినా, డాక్టరు గారి క్లినిక్కులో కుర్చీ చెయ్యి దొరికినా, దాని మీద దరువు పడాల్సిందే.

తెనాలి దగ్గర రామభజనల్లో డోలక్ వాయించిన ఆ కుర్రాడు అరవై ఒకటిలో లండన్ వచ్చి బస్సు కండక్టరయ్యాడు. ఆ బస్సు డ్రైవరు టెర్రీకి గిటారు పిచ్చి. మరో ఇద్దరు మెకానిక్కులను కలుపుకుని డిపో క్యాంటీన్‌లో ‘లాస్ట్ బస్’ అని బీట్ గ్రూపు పెట్టారు. మొదటి కచేరీలో మనవాడు అలవాటుకొద్దీ పాట చివర ముక్తాయింపు మూడుసార్లు డ్రమ్ముల మీద కొట్టాడు. భజనలో అయితే పాట అయిపోయినట్టు. బస్సులో కండక్టరు మూడు గంటలు కొడితే మాత్రం లోపల జాగా లేదు, ఎక్కడా ఆపకు అని. టెర్రీ ఆపలేదు. పాట మళ్లీ ఎత్తుకున్నాడు. జనం ఈలలు వేశారు. అంతే, ఆగని పాటల గ్రూపని పేరు పడిపోయింది. రెండేళ్లపాటు వెంబ్లీ నుంచి ఇంగ్లండు ఉత్తరాది ఊళ్ల దాకా డాన్స్ హాళ్లు కిటకిటలాడాయి. ఒక రికార్డు కూడా వచ్చింది. తర్వాత టెర్రీకి కవలలు పుట్టారు, గ్రూపు షెడ్డుకు చేరింది.

మొన్న ఆదివారం మధ్యాహ్నం టెర్రీ పుట్టినరోజు. చర్చి హాల్లో పాత పాట ఒకటి వాయించి తీరాలన్నాడు. రామాంజనేయులు గారికేమో కుడి భుజం పట్టేసింది, చెయ్యి సరిగా లేవదు.

“మూడు కొట్టారంటే ఆ మహానుభావుడు మళ్లీ మొదలెడతాడు. ఒక్క గంట కొట్టండి, ఆగిపోతాడు” అంది భార్య హైమ, కారులో.

“ఒక్క గంట వినడానికి వస్తున్నారుటే వాళ్లంతా?”

“ఆ భుజం ఎవరిది, మీదా, వాళ్లదా?”

ఒక్కటి కొట్టి ఊరుకోవడమంటే ఆయనకు నిండు బస్సును నడిరోడ్డు మీద ఆపి జనాన్ని దించేయడమే.

పాట చివరికొచ్చింది. పాత డ్రైవర్లు, కండక్టర్లు చేతికర్రలతో సహా లేచి నిలబడ్డారు. ముక్తాయింపు ఒకసారి పడింది. రెండోసారీ పడింది. మూడోదానికి చెయ్యి లేవలేదు. టెర్రీ గిటారు మీద వేళ్లు నిలిపి ఇటు చూశాడు.

అంతలో ముందు వరుసలోంచి టకటకా మోగింది. హైమ! టీ కప్పు మీద చెంచాతో ఆ మూడోది పొల్లుపోకుండా వేసేసింది. పెళ్లయినప్పటి నుంచీ వంటింటి బల్ల మీద వింటున్న దరువాయె.

“ఫుల్ అప్!” అని, బస్సు నిండిందన్న పాత కేక వేశాడు టెర్రీ. పాట మళ్లీ బయల్దేరింది. రామాంజనేయులు గారు ఎడంచేత్తో అందుకున్నారు.

“ఆపమన్నదానివి నువ్వే కదుటే!” అన్నారు అక్కడినుంచే.

“ఆపమన్నది భుజాన్ని, పాటని కాదు! ముందు చూసి వాయించండి, తాళం తప్పుతోంది!”