టొలెడోలో ఎక్కడ దిగాలి: నాన్న చెప్పిన కిటికీ కోసం

మా నాన్న సినిమా యూనిట్లకు వంట చేసేవాడు. మనవాళ్ళు పాట తీయడానికి విదేశం వెళ్తే హీరో హీరోయిన్లు, కెమెరాలు, డాన్సర్లతో పాటు చింతపండు, ఎండుమిర్చి, పచ్చళ్ళ డబ్బాలు, వాటితో వండిపెట్టే మనిషి కూడా విమానం ఎక్కుతారు. ఆ మనిషి మా నాన్న. కొన్నేళ్ళ కిందట అలా ఒక యూనిట్‌తో స్పెయిన్‌లోని టొలెడో వెళ్ళి మూడు వారాలు ఉండి వచ్చాడు. అక్కడి నుంచి రోజూ పని తెరిపినివ్వగానే హైదరాబాద్ రహమత్ నగర్‌లో మా ఇంటికి ఫోన్ చేసేవాడు. అమ్మ నీళ్ళ ట్యాంకర్ రాలేదనీ, మేడమీద కిరాయికి ఉన్నవాళ్ళు గొడవ పెట్టుకున్నారనీ చెప్పేది. నాన్న మాత్రం వంటింటి కిటికీలోంచి కోట కనిపిస్తుందనీ, ఊరి చుట్టూ నది తిరిగి పోతుందనీ, సాయంత్రం ఎండ పడితే రాతి వంతెన పసుపు రాసిన గడపలా ఉంటుందనీ చెప్పేవాడు.

ఆ కిటికీ మా ఇంట్లో ఏళ్ళ తరబడి నలిగింది. కోపం వచ్చినప్పుడల్లా అమ్మ అదే పట్టుకుని దెప్పేది. "నీకేంది, కిటికీల కూసొని కోటలు సూసినవ్. నేను రహమత్ నగర్ గల్లీ దాటలే" అనేది. నాన్న నవ్వేసి, ఒకపారి నిన్ను తోలుకపోతలే అనేవాడు. పోయిన ఏడు ఎండాకాలంలో షేక్‌పేటలో ఒక షూటింగ్ దగ్గర అన్నం వారుస్తూ కూలబడిపోయాడు. ఆస్పత్రికి చేర్చేసరికే అంతా అయిపోయింది. సంవత్సరీకం అయ్యాక అమ్మ నన్ను నోరు తెరిచి అడిగింది ఒక్కటే. ఆయన ఏ కిటికీ దగ్గర నిలబడి ఊరు చూశాడో అక్కడ తనూ ఒకసారి నిలబడాలి. తిరుపతికి పోదామన్నా బస్సులో కడుపు తిప్పుతుందని వాయిదా వేసే మనిషి, స్పెయిన్‌కు మాత్రం వెంటనే పాస్‌పోర్టు ఫొటో దిగి వచ్చింది.

టొలెడోకు వెళ్ళేవాళ్ళందరికీ మొదట వచ్చే తంటా ఎక్కడ దిగాలన్నదే. కొండ మీద ప్రహరీ గోడల లోపల పాత ఊరుంది. అక్కడ మామూలు గదికి రాత్రికి తొంభై యూరోల దాకా అవుతుంది, చాలా ఇళ్ళకు లిఫ్టులుండవు, పెట్టెలు రాళ్ళ వీధుల్లో లాగాలి. కొండ కింద రైల్వే స్టేషన్ దగ్గర దిగితే ఖర్చు తగ్గుతుంది కానీ రోజూ ఎక్కడం దిగడం తప్పదు. ఇవి కాక ఊరికి దూరంగా, స్థానికులు పొలిగొనో అని పిలిచే పారిశ్రామిక వాడ ఒకటుంది. గోడౌన్లు, అపార్టుమెంట్లు, పాత ఊళ్ళో ధరకు సగానికే గది. పిండి కొద్దీ రొట్టె అన్నమాట. నేను ఫిల్మ్ నగర్‌లో ఒక స్టూడియోలో సబ్‌టైటిల్స్ రాస్తాను. స్పెయిన్ చూసొచ్చినవాళ్ళు మా చుట్టుపక్కల తక్కువేం కాదు. జూబ్లీహిల్స్ కాఫీ షాపులో కూర్చోబెట్టి ఎవరినడిగినా, గోడల లోపలే దిగు, తెల్లవారుజామున వీధులన్నీ నీవే అన్నారు.

అమ్మ మాత్రం నాన్న ఉన్నచోటే దిగుదామంది. ఆ చోటు తెలిసినవాడు అప్పటి ప్రొడక్షన్ మేనేజర్ ఒక్కడే. భీమవరం వైపు మనిషి, నాన్నతో ఇరవై ఏళ్ళ స్నేహం, నేను బాబాయ్ అంటాను. ఫిల్మ్ నగర్‌లో ఆయన ఆఫీసుకు వెళ్ళి అడిగితే నీళ్ళు నమిలాడు. "అక్కడికెందుకమ్మా? ఊళ్ళోనే దిగండి, హాయిగా తిరగండి" అన్నాడు. గట్టిగా అడిగితే పొలిగొనోలో పెట్రోల్ బంకు వెనక సందులో ఒక లాడ్జి అని చెప్పాడు. పోపు పెడితే ఊరుకునే యజమాని దొరకడమే గగనమట. ఊళ్ళో ఏ హోటలూ వంటకు ఒప్పుకోక, చివరికి యూనిట్ మొత్తాన్నీ అక్కడ దింపారట. ఆ లాడ్జి నాకు బుకింగ్ సైట్లలో ఎక్కడా కనిపించలేదు. వీసాకు బస వివరాలు చూపించాలి కాబట్టి పాత ఊళ్ళో నాలుగు రాత్రులకు గది తీసుకున్నాను. లాడ్జికి ఒకరోజు వెళ్ళి కిటికీ చూసి వద్దామని అమ్మను ఒప్పించాను.

అక్టోబరు మొదట్లో బయల్దేరాం. గల్ఫ్‌లో విమానం మారి, మర్నాడు మధ్యాహ్నానికి మాడ్రిడ్‌లో దిగాం. అతోచా స్టేషన్ నుంచి టొలెడోకు రైలు అరగంటే, టికెట్టు పద్నాలుగు యూరోలు అయ్యింది. సీట్లు త్వరగా నిండిపోతాయి, ముందే కొనుక్కోవడం మంచిది. స్టేషన్ బయట టాక్సీ ఎక్కి మలుపు తిరిగామో లేదో నది కనిపించింది, పైన కొండ మీద కోట. నేను చూపించబోయేలోపు అమ్మ కొంగు మొహం మీదికి లాక్కుంది. కళ్ళు తిరుగుతున్నాయేమోనని కంగారుపడ్డాను. కాదట. మొదటిసారి నాన్న కిటికీలోంచే చూస్తుందట, అప్పటిదాకా చూడదట. డ్రైవరు అద్దంలో మమ్మల్ని విడ్డూరంగా చూశాడు. ఏడు యూరోలు ఇచ్చి దిగేదాకా అమ్మ కొంగు తీయలేదు.

మా గది మూడో అంతస్తులో. మెట్లు ఇరుకు, గది శుభ్రం. కిటికీ తెరిస్తే కింద ఇంటి లోగిలి, నాలుగు పూలకుండీలు. ఇటువైపు నది కనబడదని తెలిశాకే అమ్మ స్థిమితపడి, తెచ్చుకున్న రొట్టెల్లోకి చింతకాయ తొక్కు వేసుకుని తింది. సాయంత్రం సొకొదొవేర్ అనే కూడలి దాకా నడిచాం. బాదంపిండితో చేసే మిఠాయి ఈ ఊళ్ళో పేరు మోసింది, కొనిస్తే సగం తిని సగం దాచింది. వీధి చివర ఎక్కడైనా ఆకాశం తెరుచుకుంటే చాలు, అమ్మ తల దించుకుని నా చెయ్యి పట్టుకుని నడిచేది. వేల మైళ్ళు వచ్చి ఊరు చూడకుండా నడిచిన యాత్రికురాలు అక్కడ ఆవిడ ఒక్కతే అయ్యుంటుంది. నాకు నవ్వొచ్చింది, విసుగూ వచ్చింది.

రెండో రోజు మధ్యాహ్నం భోజనం అయ్యాక ఆ కూడలిలోనే పొలిగొనో బస్సెక్కాం. టికెట్టు ఒకటిన్నర యూరో లోపే, ప్రయాణం అరగంట లోపే. పెట్రోల్ బంకు దొరికింది కానీ లాడ్జి దొరకలేదు. పక్కన ఒక కిరాణా కొట్టు కనిపిస్తే వెళ్ళాం. కొట్టతను లాహోర్ వైపువాడు. అమ్మ తన హైదరాబాదీ హిందీలో, మా ఆయన ఇక్కడెక్కడో వంట చేసేవాడు, ఆ ఇల్లు చూడాలని చెప్పింది. అతను రెండో మాట అడక్కుండా కొట్టు అల్లుడికి అప్పజెప్పి మాతో నడిచాడు, లాడ్జి యజమానురాలిని పిలిచి స్పానిష్‌లో విషయం చెప్పాడు. అరవై దాటిన మనిషి, ఊతకర్ర పట్టుకుని వచ్చింది. ఆమెకు నాన్న గుర్తు లేడు. ఇండియన్లు చాలామంది దిగారు, నెల రోజులు గోడలు వాసన వేశాయని మాత్రం గుర్తుంది. అయినా తాళం తీసింది.

వంటిల్లు ఇప్పుడు దుప్పట్లు, పరుపులు దాచే గది. కిటికీ ఒక్కటే. అమ్మ కొంగు సవరించుకుని, కళ్ళు మూసుకుని వెళ్ళి, ఊచలు పట్టుకుని కళ్ళు తెరిచింది. ఎదురుగా గోడౌన్ గోడ. చెయ్యి చాపితే అందేంత దగ్గర. కింద చెత్త డబ్బాలు. అమ్మ నావైపు తిరిగి, ఇది కాదేమో, ఇంకో కిటికీ ఉందేమో అడగమంది. యజమానురాలు పాపం పైఅంతస్తు గదులు కూడా తీసి చూపించింది. ఒకవైపు రోడ్డు, ఒకవైపు గోడౌన్లు, దూరంగా ఎండిన మిట్టలు. పాత ఊరు ఇక్కడికి ఎన్నో కిలోమీటర్లు, ఏ కిటికీ నుంచీ ఎప్పుడూ కనబడలేదని కొట్టతను ఆమె మాటను నెమ్మదిగా హిందీలో చెప్పాడు.

కొట్టు ముందు ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చున్నాం. నేను బాబాయ్‌కి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాను. ఇక్కడ ఎదురుగా గోడ తప్ప ఏమీ కనబడటం లేదని చెప్పాను. "మీ నాన్న అసలు ఊళ్ళోకే రాలేదమ్మా" అన్నాడు. తెల్లారకముందే టిఫిను, ఆ వెంటనే లొకేషన్‌కి క్యారియర్లు, మళ్ళీ రాత్రి అందరికీ భోజనాలు, చేసేది ఒక్క మనిషి. చివరి రోజు తీసుకెళ్దామనుకుంటే ఫ్లైట్ ముందుకు జరిగిందట. మరి ఇంట్లో ఆ నది, ఆ వంతెన ఎలా చెప్పేవాడని అడిగాను.

"రాత్రి వడ్డించేటప్పుడు ప్రతివాణ్ణీ అడిగేవాడమ్మా, ఇవాళ ఏం చూశావు, ఎట్లా ఉందని. బాగా చెప్పినవాడికి ఇంకో ముక్క వేసేవాడు."

అమ్మ ఫోన్ దగ్గరికి వంగి ఒక్కటే అడిగింది. "అన్నా, ఆయన పండేది ఏడ?" వంటింట్లోనే, స్టవ్ పక్కనే పరుపు వేసుకునేవాడని, గదులు చాల్లేదని బాబాయ్ చెప్పాడు. ఫోన్ పెట్టేశాక అమ్మ ఏడుస్తుందనుకున్నాను. కోపంతో ఊగిపోయింది. నాన్న పోయిన ఏడాదిన్నరలో ఆవిడ ఆయన మీద కోప్పడటం అదే మొదలు.

"గోడ సూసుకుంట పండిండు. నాతోని ఒక్కపారి చెప్పొద్దా? ట్యాంకర్ రాలేదని నేను ఏడిస్తె నాకు నది చెప్పిండు. నేనేమో కోటలు సూసినవ్, కోటలు సూసినవ్ అని సచ్చేదాంక తిట్టుకుంట కూసున్న."

నాన్న నవ్వి ఊరుకున్నప్పుడల్లా అది ఒక్కడే చూసొచ్చినందుకు సిగ్గుపడి నవ్వే నవ్వనే నేనూ అనుకునేదాన్ని. కొట్టతను టీ తెచ్చి మా ముందు పెట్టి లోపలికెళ్ళిపోయాడు. గదికి వెళ్దామా అని అడిగితే అమ్మ తల అడ్డంగా ఊపింది. "సూపియ్ ఇగ. ఇంకా ఎవలకోసం కండ్లు మూసుకోవాలె?" అంది.

అక్కడి నుంచి టాక్సీ మాట్లాడుకున్నాం. నదికి అవతల, లోయ అంచున ఉండే వ్యూ పాయింట్‌కు ఇరవై యూరోల పైచిలుకు అయ్యింది. పాత ఊరి నుంచైతే ఆ ధరలో సగానికే వెళ్ళొచ్చు. దిగగానే ఊరంతా ఎదురుగా ఉంది. అమ్మ పిట్టగోడకు ఆనుకుని చూస్తూ, ఒక్కొక్కటే వేలితో చూపించడం మొదలుపెట్టింది. ఇగో నది గిట్ల తిరుగుతది. ఇగో వంతెన. ఇగో పెద్ద చర్చి, ఒక దిక్కే పొడుగు గోపురం. గా కింద నీళ్ళల్ల కూలిపోయిన పిండి మర. నాకు తెలియని సంగతులు కూడా ఉన్నాయి. ఫోన్‌లో ఆవిడకు ఒక్కదానికే చెప్పినవి. ఏదీ తప్పుపోలేదు. చూడనివాడు చెప్పిన ఊరు, చూసినవాళ్ళు చెప్పినదానికన్నా సరిగ్గా ఉంది. అప్పటికి అమ్మ కళ్ళ నుంచి నీళ్ళు కారుతూనే ఉన్నాయి, తుడుచుకోలేదు.

ఎనిమిది కావస్తుంటే చలి మొదలైంది, అవతల ఒక్కో దీపం వెలుగుతోంది. లేద్దామంటే అమ్మ ఆగమంది. దీపాలు పెట్టే వేళకు కోట మీద నిలబడి ఒక మనిషి బూర ఊదుతాడట, నది అవతల దాకా వినిపిస్తుందట, అది విని పోదామంది. వెనక టాక్సీ ఆపుకుని ఉన్న ముసలి డ్రైవరును ఫోన్‌లో తర్జుమా పెట్టి అడిగాను. ఆయన పుట్టింది పెరిగింది ఇక్కడేనట. అలాంటిదేమీ లేదు, ఎప్పుడూ లేదు అన్నాడు. అమ్మ వైపు తిరిగాను. నా మొహం చూసి ఆవిడే అర్థం చేసుకుంది.

"ఎవడో పోరడు ముక్క కోసం ఆట పట్టిచ్చిండు. పాపం నమ్మిండు" అంది. కొంగు భుజాల చుట్టూ కప్పుకుని, "జర కూసో. ఒకవేళ ఊదుతరేమో" అంది. అన్ని దీపాలూ వెలిగేదాకా కూర్చున్నాం.

మర్నాడు పాత ఊళ్ళో గది వదిలేసి మిగిలిన రెండు రాత్రులూ ఆ లాడ్జిలోనే ఉన్నాం. యజమానురాలు పైన మంచి గది ఇస్తానన్నా అమ్మ వినలేదు, వెనక దుప్పట్ల గదిలోనే కింద పరుపు వేయించుకుంది. నన్ను పైకి వెళ్ళి పడుకోమంటే వెళ్ళాను. ఆ రెండు రాత్రులూ లోపల అమ్మ ఏం చేసిందో, ఆయనతో ఏం మాట్లాడిందో నాకు తెలియదు. తిరిగి వచ్చాక మా గల్లీలో ఆడవాళ్ళు చుట్టూ చేరి స్పెయిన్ ఎట్లుందని అడిగితే, ఊరు బాగుంది, మా ఆయన మాత్రం సూడలే అని చెప్పింది. ఇంతకాలం ఆయన ఊరు చూశాడని వాళ్ళ ముందు గొప్పలు చెప్పుకున్నదీ తనే. అంత మంది మధ్య ఆ మాట చెప్పడానికి ఆవిడకు ఎంత కష్టమయ్యిందో పక్కన కూర్చున్న నాకు తెలుసు.

ఇక సలహా. మొదటిసారి వెళ్ళేవాళ్ళు టొలెడోలో గోడల లోపలే దిగండి, పెద్దవాళ్ళుంటే లిఫ్టు ఉందో లేదో ముందే కనుక్కోండి, రద్దు చేసుకోవడానికి వీలున్న గదే తీసుకోండి. మా రెండు రాత్రుల డబ్బు తిరిగొచ్చింది దానివల్లే. ఇంకో మాట కూడా ఇందులోదే. మీ ఇంట్లో ఎవరైనా పని మీద దూరదేశం వెళ్ళొచ్చి ఉంటే, ఊరి సంగతులు తర్వాత వినొచ్చు. రాత్రిళ్ళు ఎక్కడ పడుకున్నావని మాత్రం వాళ్ళుండగానే అడగండి.