కడవలో ముంచిన కుంచె

నా చిన్నప్పుడు ఒక ఆదివారం పగలు పదకొండు గంటల పది నిమిషాలకు, బేతంచెర్ల దగ్గర ఒక నాపరాళ్ల గనిలో, నేను కుంచె కడుక్కున్నాను. ఆ రోజు మా చిన్నమ్మ చేతిగడియారం నేను పెట్టుకున్నాను. అందుకే సమయం గుర్తుంది.

చిన్నమ్మ కర్నూలులో డ్రాయింగు టీచరు. సెలవు దొరికితే నన్నూ నా ఇద్దరు స్నేహితురాళ్లనూ రైలో బస్సో ఎక్కించి బొమ్మలు వేయడానికి తీసుకుపోయేది. ముగ్గురికీ కలిపి ఒకే పుస్తకం, ఒకే రంగుల పెట్టె. ఆ రోజు పేజీ నాది. మేం తెచ్చుకున్న నీళ్లు తాగేశాం. బండల నీడన తడి గోనెపట్టా చుట్టిన కడవ కనిపించింది. మూత తీసి, నీలం రంగు కుంచెను అందులోనే ముంచాను. రెండుసార్లు.

అన్నం వేళకు రాళ్లు మోసే ఒకామె వచ్చి కడవలోకి చూసింది.

"ఎవురు పాపా ఈ పని చేసింది? సాయంత్రం దాకా ఇవే మాకు."

పక్కనున్న మేస్త్రీ నవ్వాడు. "రొంత రంగే గదా. తాగు, కిష్ణుని మాదిరి అయితావు."

ఆ నవ్వు తలచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. చిన్నమ్మ అతని వైపు తిరిగి, "ముందు నువ్వు తాగి చూపియప్పా," అంది. అతను తాగలేదు. తర్వాత మమ్మల్ని చూసి, "కడవ ఎత్తండి," అంది.

బావి మైలు దూరం. మార్చి మార్చి మోశాం. తిరిగొచ్చేసరికి సగం ఒలికిపోయింది. చిన్నమ్మ మళ్లీ పంపింది. కడవ నిండేదాకా ఆ రాళ్లు మోసే ఆమె అన్నం మూట విప్పలేదు. అప్పటికి రైలు వేళయింది. బొమ్మ సగంలో ఆగిపోయింది. దాని కింద ఆమె పేరు అడిగి రాయమంది చిన్నమ్మ.

"నా పేరెందుకమ్మా? నీళ్లు మోసింది ఈ పిల్లోళ్లు గదా."

"వీళ్లు చెడగొట్టింది నీ నీళ్లు," అంది చిన్నమ్మ.

ఆ తర్వాత ఓర్వకల్లు గుట్టలకు పోయినా, ఆత్మకూరు అడవి అంచుకు పోయినా, ముందు ఏదో ఒక ఇంట్లో నీళ్లు అడిగేవాళ్లం. ఇచ్చినవాళ్ల పేరు బొమ్మ కింద రాసేవాళ్లం. పుస్తకం అలాగే నిండింది.

దాన్ని దాచిన స్నేహితురాలు ఈ మధ్యనే చనిపోయింది. పెద్దకర్మ నాడు ఆమె కొడుకు ఆ బొమ్మలతో అచ్చువేయించిన క్యాలెండరు అందరికీ పంచాడు. ఒక్క పేరూ లేదు. అడిగితే, "ఆ రాత బాగలేదు పెద్దమ్మా, అచ్చులో కత్తిరించేసినాం," అన్నాడు. చావింట్లో మాట పెరగకూడదని ఊరుకున్నాను. ఊరుకోవలసింది కాదు. ఆ బొమ్మల్లో గుట్టలు వంకర, చెట్లు చెట్లలా లేవు. సరిగ్గా ఉన్నవి ఆ పేర్లే.

పుస్తకం అడిగి తెచ్చుకున్నాను. ఇప్పటికీ కుంచె తడిపే ముందు ఇవి ఎవరి నీళ్లు అని నా చెయ్యి ఒక క్షణం ఆగుతుంది. ఓర్వకల్లు గుట్టలకు ఇప్పుడు బొమ్మలు వేసేవాళ్లు గుంపులుగా వస్తున్నారు, నేనూ పోతున్నాను. అందరి సంచుల్లోనూ సీసా నీళ్లే, నా సంచిలో కూడా. ఎవరి ఇంటికీ పోయి నీళ్లు అడగడం లేదు. బొమ్మ కింద ఎవరి పేరూ రాయడం లేదు.